ఏది అసలైన బౌద్ధం?

ప్రశ్న: ఇటీవలే బౌద్ధం వైపు వచ్చాను. థేరవాద (శ్రీలంక, థాయ్‌లాండ్ వంటి దేశాల్లోని బౌద్ధ శాఖ) భిక్షువులు భిక్షలో వచ్చిన మాంసాన్ని స్వీకరిస్తారని, చైనా సంప్రదాయ భిక్షువులు ముట్టరని విన్నాను. వీరిలో ఎవరిది సరైన మార్గం? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండింటికీ గ్రంథాధారం ఉంది. తన కోసమే చంపినట్లు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చని థేరవాదుల పాలి భాషా గ్రంథాల్లోని జీవక సుత్తం చెబుతుంది. చైనా భిక్షువులు అనుసరించే మహాయాన శాఖకు చెందిన లంకావతార సూత్రం కరుణ పేరిట మాంసాహారాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. ఇల్లిల్లూ తిరిగి దొరికినది తినే భిక్షువుకూ, విహారంలోనే వండుకునే భిక్షువుకూ నియమాలు వేరుగా ఉండటం సహజమే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ‘హీనయానం’ అనే పదాన్ని థేరవాదుల ముందు వాడకండి. ‘హీన’ అంటే తక్కువదని అర్థం, అది ఇతరులు పెట్టిన పేరే గానీ వారు తమకు పెట్టుకున్నది కాదు.

అలాగే, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలను పాటించే నవయాన (అంబేద్కర్ చూపిన బౌద్ధం) కుటుంబాలకు బౌద్ధం ఆత్మగౌరవ పోరాటం కూడా కనుక, ధ్యానం గురించి మాత్రమే మాట్లాడి వారి బౌద్ధాన్ని కొలవడం అన్యాయం. వీలైతే పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట బౌద్ధ స్తూపాన్ని చూసి రండి.