సెలవు మీద వచ్చిన మిషనరీ కుటుంబం తిరిగి వెళ్ళేటప్పుడు ఎందుకంత దిగులుగా ఉంటారు? ఆగిపొమ్మని చెప్పొచ్చా?

మీ అక్కా బావగారూ విదేశంలో మిషనరీలు. మొదటి విడత సేవ ముగించుకుని పిల్లలతో వచ్చారు, వచ్చే నెల తిరుగు ప్రయాణం. మొదటిసారి వెళ్ళినప్పుడు ఉత్సాహంగా బయల్దేరినవాళ్ళు ఇప్పుడు ముభావంగా ఉన్నారు. అక్క ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది, పిల్లాడు సూట్‌కేసు దగ్గరికే రానంటున్నాడు. వెళ్ళడం ఇష్టం లేదేమో, ఆగిపొమ్మని చెప్పాలా అన్నది మీ ప్రశ్న.

చెప్పకండి. వాళ్ళే ఆ మాట ఎత్తితే ఓపిగ్గా వినండి. మీ అంతట మీరు మాత్రం ఎత్తకండి.

మేమూ పిల్లల్ని వెంటబెట్టుకుని అలా వచ్చి, అలా వెళ్ళినవాళ్ళమే. ఏ దేశమో రాయను. అక్కడ పనిచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, నా రాతల వల్ల వాళ్ళకి ఇబ్బంది రాకూడదు. నాకు తెలిసినంతలో మొదటిసారి వెళ్ళడం కంటే రెండోసారి వెళ్ళడమే కష్టం. మొదటిసారి అక్కడ ఏముందో తెలియదు. ఆ తెలియకపోవడమే సగం ధైర్యం. ఇప్పుడు అన్నీ తెలుసు. అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే ఆస్పత్రి ఎంత దూరమో తెలుసు. పరాయి భాషలో డాక్టరుకి వివరం చెప్పలేక తడబడటం ఎలా ఉంటుందో తెలుసు. ఇక్కడేమో నాన్నకి చెవి ఎంత మందగించిందో, అమ్మ మెట్లెక్కడానికి ఎంత ఆయాసపడుతోందో ఫోన్లో తెలియనివన్నీ కళ్ళారా చూశారు. ఇంత తెలిసాక కూడా వెళ్తున్నారంటే ఇష్టం లేక కాదు. మనసు రాయి చేసుకోలేక ఏడుస్తున్నారు, అంతే.

ఇంకో సంగతి. వాళ్ళు విశ్రాంతికి వచ్చారని బంధువులంతా అనుకుంటారు. పాతకాలంలో దీన్ని ఫర్లో అనేవారు, ఇప్పుడు చాలా సంస్థలు హోమ్ అసైన్‌మెంట్ అంటున్నాయి. మాకైతే అది అక్కడి పరిచర్య కంటే ఎక్కువ తిరుగుడు. ఆదివారం ఒక సంఘం, వారం మధ్యలో ఒక ప్రార్థన కూటం, ఆ తర్వాత మా సేవకి కానుకలు పంపి మద్దతిచ్చేవాళ్ళ ఇళ్ళు. ప్రతిచోటా అవే ఫొటోలు, అదే సాక్ష్యం, "ఎంతమంది మారారు?" అని అదే ప్రశ్న. మధ్యలో ఎవరైనా కానుక ఆపేసి ఉంటే ఆ లోటు పూడ్చుకోవాలి. చాలా సంస్థల్లో నెలవారీ సపోర్ట్ అనుకున్న మొత్తానికి చేరితే తప్ప తిరిగి పంపరు. మాది నిండక ప్రయాణం వాయిదా పడింది. ఒకరి ఇంట్లో పడక, ఇంకొకరి ఇంట్లో బట్టలు ఆరేసుకోవడం. అయినా ఎక్కడికి వెళ్ళినా నవ్వుమొహంతోనే ఉండాలి. మన కోసం కానుక వేసినవాళ్ళ ముందు అలిసిపోయామని ఎలా అంటాం?

పిల్లలకి ఇది మరీ నలుగుడు. ఒక సంఘంలో మా పెద్దవాణ్ణి స్టేజీ మీదకి పిలిచి, "బాబూ, అక్కడి భాషలో ఒక పాట పాడు" అన్నారు. పాడాడు. ఎప్పుడూ వినని శబ్దాలు కదా, జనం ముద్దుగా అనిపించి నవ్వారు. ఆ రాత్రి వాడు గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మా, అది వాళ్ళ తాత చనిపోయినప్పుడు మేం పాడిన పాట. వీళ్ళెందుకు నవ్వారు?" అని అడిగాడు. అక్కడ వాడి స్నేహితుడి తాతగారు పోయినప్పుడు నేర్చుకున్నాడు ఆ పాట. ఆ తర్వాత ఏ సంఘానికి వెళ్ళినా పిల్లల్ని ముందుకి పిలవొద్దని పాస్టరుగారికి ముందే ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. మీ అక్కకీ ఇంకా సభలు మిగిలి ఉంటే ఆ ఫోను మీరు చేయండి. తల్లిదండ్రులు చెబితే గర్వమనుకుంటారు, బంధువులు చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ కష్టం ఇవాళ్టిది కూడా కాదు. ఆదోనిరామ్ జడ్సన్ అనే అమెరికన్ మిషనరీ 1812 లో అమెరికా విడిచి బర్మా చేరి, మళ్ళీ సొంత గడ్డ మీద కాలుపెట్టింది 1845 లో. భార్య సారా ఆరోగ్యం కోసం బయల్దేరితే ఆవిడ దారిలోనే, సెయింట్ హెలీనా ద్వీపం దగ్గర, చనిపోయారు. అమెరికాలో జనం ఆయన్ని చూడటానికి విరగబడ్డారు. గొంతు పోయిన మనిషి, మెల్లగా చెబుతుంటే పక్కన ఒకరు నిలబడి బిగ్గరగా వినిపించేవారు. 1846 లో తిరుగు ఓడ ఎక్కేటప్పుడు, వెంట తెచ్చిన పిల్లల్ని అమెరికాలోనే వదిలి వెళ్ళారు. 1850 లో ఆయన సముద్రం మీదే కన్నుమూశారు. ఆ పిల్లలు తండ్రిని మళ్ళీ చూడలేదు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది, విమానం ఉంది, నిజమే. కానీ ఆ పోలికతో మీ అక్కని ఓదార్చబోకండి, నన్ను అలా ఓదార్చినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది.

నెల్లూరులో పనిచేసిన అమెరికన్ మిషనరీ లైమన్ జ్యూవెట్‌గారు 1862 లో ఆరోగ్యం పాడై అమెరికా వెళితే, అక్కడ మిషన్ పెద్దలు తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చిస్తున్నారు. సంస్థ పంపకపోయినా నేను వెళ్తానని పట్టుబట్టి, చివరికి 1864 లో జాన్ క్లౌ దొరగారనే కొత్త మిషనరీని వెంటబెట్టుకుని బయల్దేరారు. విశ్రాంతికి వెళ్ళిన మనిషికి దొరికిన విశ్రాంతి అది.

బైబిల్లోనూ చూడండి. పౌలు, బర్నబా మొదటి సువార్త ప్రయాణం ముగించుకుని, తమని పంపిన అంతియొకయ పట్టణానికి వచ్చి, సంఘాన్ని సమకూర్చి జరిగిందంతా చెప్పి, అక్కడ చాలాకాలం ఉన్నారు. మళ్ళీ బయల్దేరాల్సిన వేళ గొడవపడ్డారు. మొదటిసారి మధ్యలో వెనక్కి వెళ్ళిపోయిన మార్కుని వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్నదే తగువు. అది ఎంత ముదిరిందంటే బర్నబా మార్కుని తీసుకుని కుప్ర ద్వీపానికి, పౌలు సీలని తీసుకుని ఇంకో దారిన వెళ్ళిపోయారు. అంతటివాళ్ళే రెండోసారి బయల్దేరేముందు పోట్లాడుకున్నప్పుడు మీ అక్కా బావగారూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారని కంగారుపడకండి.

పిల్లాడి విషయానికొస్తే, రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికా సామాజికశాస్త్రవేత్త 1950 లలో భారతదేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలని గమనించి, ఇలాంటి పిల్లలకి థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరు పెట్టారు. తల్లిదండ్రుల దేశం ఒకటి, పెరిగే దేశం ఇంకొకటి, రెండింట్లో ఏదీ పూర్తిగా వాళ్ళది కాదు. 1963 లో గల్లాహార్న్ దంపతులు పరదేశంలో సర్దుకోవడానికి పడే తంటాలు సొంత దేశానికి తిరిగొచ్చాక మళ్ళీ మొదలవుతాయని రాశారు. మీ మేనల్లుడు ఇక్కడ కుదురుకోవడానికి అన్ని నెలలు పట్టి, సరిగ్గా కుదురుకున్నాక మళ్ళీ కదలమంటున్నారు. మొండికేయకపోతేనే ఆశ్చర్యం. మా ఇంట్లో అయితే ఒకే గదిలో రెండు రకాలు. చిన్నది అక్కడే పుట్టింది, తిరిగి వెళ్తున్నామంటే ఎగిరి గంతేసింది. దాని ఆనందం చూసి పెద్దవాడికి ఇంకా కోపం.

డేవిడ్ పోలక్ అనే ఆయన చెప్పిన ర్యాఫ్ట్ పద్ధతిని మా సంస్థవాళ్ళు నేర్పారు. వెళ్ళేముందు మనస్పర్థలు తీర్చుకోవాలి, మేలు చేసినవాళ్ళకి కృతజ్ఞత చెప్పాలి, సరిగ్గా వీడ్కోలు తీసుకోవాలి, వెళ్ళబోయే చోటు గురించి మాట్లాడుకోవాలి. నాకు మొదట అంతా పుస్తకాల వ్యవహారంలా అనిపించింది గానీ వీడ్కోలు మాట మాత్రం అక్షరాలా నిజం. పెద్దవాళ్ళు పిల్లలు ఏడుస్తారని, నిద్రలో ఉండగా కారెక్కించేస్తారు. అలా చేయకండి. మావాడు వాళ్ళ బావ సైకిలు చివరిసారి తొక్కుతానన్నాడు, చీకటిపడేదాకా తొక్కనిచ్చాం. ఏడ్చాడు, నిద్రపోయాడు, పొద్దున సూట్‌కేసులో తన బొమ్మలు తనే సర్దుకున్నాడు.

మా అమ్మకి మాటలు రావు ఇలాంటప్పుడు. ఆఖరి వారమంతా కుట్టుమిషను ముందే కూర్చుంది. పిల్లల లాగులన్నిటికీ అంచు లోపలికి రెండు వేళ్ళ వెడల్పున మడిచి కుట్టింది, పొడవు పెరిగితే విప్పుకోవచ్చని. మళ్ళీ వచ్చేసరికి ఎంత పెరుగుతారో మనసులో లెక్కేసుకుంటూ కుట్టిందని నాకు తర్వాత తట్టింది. మీ అమ్మగారు కూడా ఏదో ఒకటి చేస్తూ ఉంటారు, "వద్దులే, బరువెక్కువ" అని మాత్రం అననివ్వకండి.

బరువంటే గుర్తొచ్చింది. చాలా విమానాల్లో ఒక్కో పెట్టెకి 23 కిలోలే. అభిమానంతో ఇచ్చిన బహుమతులు చివరి రాత్రి ఎవరో ఒకరు పక్కన పెట్టాల్సిందే. ఆ పాపం మీరు తీసుకోండి, అక్కకి వదలకండి. కాగితాల సంగతి కూడా ఒకసారి అడగండి. నివాస అనుమతి ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బయట ఉంటే కొన్ని దేశాల్లో అది రద్దవుతుంది. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు చాలాచోట్ల అడుగుతారు. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా అడిగే దేశమైతే కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి, లేకపోతే సర్టిఫికెట్ చెల్లదు. అదివరకే వేయించుకున్నవాళ్ళకి 2016 నుంచి అదే జీవితాంతం సరిపోతుంది. వాడే మందులకి డాక్టరు చీటీ, పిల్లల పళ్ళు ఒకసారి చూపించడం, ఇవి కూడా.

వీటన్నిటికంటే మీ అక్క మనసులో మెదిలేది అమ్మానాన్నల గురించే అయి ఉంటుంది. పైకి అడగదు, అడిగితే సేవ వదిలెయ్యమంటారేమోనని భయం. అందుకే మీరే కదిలించండి. ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, రిపోర్టులు ఎవరు పంపుతారు, ఏదైనా జరిగితే ఎంతవరకూ దాచకుండా చెబుతారు, ఏ పరిస్థితిలో అక్క విమానమెక్కి రావాలి, ఆ టికెట్ ఖర్చు ఎవరిది. వెళ్ళకముందే అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టి ఇవి తేల్చుకోండి. మా అన్నయ్య మాతో ఈ మాటలు ప్రయాణానికి పది రోజుల ముందు మాట్లాడాడు. ఆ రాత్రి నేను నిద్రపోయాను. మీరు అంత ఆలస్యం చేయకండి, ఈ వారమే కూర్చోండి.