ఆల్ఫా యాంటీబాడీ బీటాని ఎందుకు ఆపదు?

"ఆల్ఫా, బీటా ఇంటర్ఫెరాన్లు ఒకే మూల జన్యువు నుంచి వచ్చాయంటారు, మరి ఆల్ఫాకి చేసిన యాంటీబాడీ బీటాని ఆపాలి కదా?" అని ఒకరు అడిగారు. (ఇంటర్ఫెరాన్లంటే వైరస్ సోకినప్పుడు కణాలు వదిలే రక్షణ ప్రోటీన్లు. యాంటీబాడీ అంటే ఒక ప్రోటీన్‌ని పట్టుకుని ఆపగల మరో ప్రోటీన్.) సరిగ్గా ఈ నమ్మకంతోనే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ఫైబ్రోబ్లాస్టులకి (చర్మం లాంటి కణజాలాల్లో ఉండే కణాలు) పాలీ ఐసీ (వైరస్ ఆర్ఎన్ఏని పోలిన పదార్థం) ఇచ్చి, అవి వదిలిన ఇంటర్ఫెరాన్ ఉన్న ద్రవం తీసుకున్నాను. సగానికి ఆల్ఫా యాంటీబాడీ కలిపి, 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్లో కొత్త కణాల మీద పోసి, మర్నాడు వైరస్ వేశాను. యాంటీబాడీ పనిచేసి ఇంటర్ఫెరాన్ రక్షణ పోతే ఆ వరసల్లో కణాలు చచ్చిపోవాలి, మిగిలిన కణాలకి ఊదా రంగు పట్టించే క్రిస్టల్ వయొలెట్ వేసి కడిగాక వెల్స్ ఖాళీగా కనపడాలి. కడిగి చూస్తే అన్నీ ఊదా రంగే! వైరస్ ఒక్కటే వేసిన నాలుగు వెల్స్ మాత్రం తెల్లగా ఉన్నాయి. అంటే వైరస్‌లో లోపం లేదు. యాంటీబాడీ పాడైందని తేల్చేసి, కొత్త వయల్ తెప్పించి మళ్లీ చేశాను. మళ్లీ ఊదా. ఒకటే టెన్షన్.

మా సీనియర్ ప్లేటు వైపు కూడా చూడకుండా "ఆ ద్రవం ఏ కణాలది?" అంది. ఫైబ్రోబ్లాస్టులు ముఖ్యంగా చేసేది బీటా. బీటా యాంటీబాడీ కలిపేసరికి ఆ వరస మొత్తం తెల్లబడింది.

చుట్టరికం జన్యువులో ఉంటుంది, యాంటీబాడీకి దాంతో పనిలేదు. అది పట్టుకునేది ప్రోటీన్ ఉపరితలం మీద చిన్న ముక్కని. ఆల్ఫా, బీటాల మధ్య అమైనో ఆమ్లాల పోలిక 30 శాతం దగ్గరే. రెండూ కణం మీద ఒకే రిసెప్టర్‌కి (సంకేతం అందుకునే ప్రోటీన్) అతుక్కుంటాయి, జన్యువులు 9వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్నాయి, రెంటిలోనూ ఇంట్రాన్లు (జన్యువు మధ్యలో ప్రోటీన్‌గా మారని ముక్కలు) లేవు. బంధుత్వం నిజమే, ముఖాలే వేరు. గామా ఇంటర్ఫెరాన్ అయితే దగ్గరి చుట్టమే కాదు. జన్యువు 12వ క్రోమోజోమ్ మీద, రిసెప్టర్ కూడా వేరే. దానికీ అదే ఇంటిపేరు తగిలించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

పేర్ల గోల ఇంకా ఉంది. మనిషిలో ఆల్ఫా జన్యువులు 13, ప్రోటీన్లు మాత్రం 12, ఎందుకంటే ఆల్ఫా 1, ఆల్ఫా 13 చివరికి ఒకే ప్రోటీన్. మందుగా వాడిన ఆల్ఫా 2ఎ, ఆల్ఫా 2బిల మధ్య తేడా 23వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం. మనిషి ఆల్ఫాలు ఎలుక ఆల్ఫాలతో కంటే తమలో తామే ఎక్కువ దగ్గరగా ఉంటాయి. జన్యువులు రెట్టింపవుతూ, ఒకదాని ముక్క ఇంకోదానికి అంటుకుంటూ వచ్చిన ఫలితం అది. అందుకే యాంటీబాడీ రియాక్షన్లు చూసి వంశవృక్షం గీసేవాళ్లంటే నాకు మంట.

మన శరీరమే ఈ తేడా చూపిస్తుంది. 2020లో ప్రాణాపాయ స్థితికి చేరిన కోవిడ్ రోగుల్లో కనీసం 10 శాతం మందిలో సొంత ఇంటర్ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు దొరికాయి. అవి ఎక్కువగా ఆల్ఫా, ఒమేగా (ఇంకో ఇంటర్ఫెరాన్) మీదే, బీటా మీద అరుదు. ఒమేగా ఆల్ఫాకి 60 శాతం దాకా పోలిన దగ్గరి చుట్టం మరి.

ఇంతకీ మీ శాంపిల్ ఏ కణాలది? ప్రశ్నలో అది రాయనేలేదు.