నాన్నతో ఆ మాట చెప్పాలంటే గుండె దడ

ప్రశ్న: నా వయసు 28. మాది గుంటూరు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. నాన్నగారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. రెండేళ్ల క్రితం ఆయనకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి కొట్టు లెక్కలు నేనే చూస్తున్నాను. నాకేమో పిల్లలకు పాఠాలు చెప్పాలని ఉంది. ఆ మాట చెప్తే నాన్నకు బీపీ పెరిగి ఆస్పత్రి పాలవుతారని, బాబాయి మాతో మాట్లాడటం మానేస్తాడని, చివరికి చెల్లి సంబంధం కూడా చెడిపోతుందని భయం. 2025లో మెగా డీఎస్సీ పడినా దరఖాస్తు పెట్టలేదు. నాన్న ఫోన్ ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. ఇంట్లో మాత్రం నవ్వుతూ తిరుగుతాను. నేను పిరికివాడినా?

జవాబు: కాదు. తండ్రికి స్టెంటు వేస్తుంటే బయట కుర్చీలో కూర్చున్న కొడుకు మీరు. ఆ రోజు పడ్డ భయం ఇంకా మీలో నుంచి పోలేదు. అందుకే ఆయన కాస్త దగ్గినా, ఫోన్ ఎత్తకపోయినా మనసు మళ్లీ ఆ కుర్చీ దగ్గరికే వెళ్తోంది. అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో సరిగ్గా ఇలాంటి వాటినే గమనించారు. పిలవకుండానే దూసుకొచ్చే ఆలోచనలను మనిషి ఆలోచనలుగా కాక, జరిగి తీరే నిజాలుగా నమ్మేస్తాడు. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టడం నేర్పే చికిత్సనే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటున్నాం.

ఇప్పుడు మీరే చూడండి. మీరు టీచర్ కావాలనుకోవడానికీ, చెల్లి సంబంధం చెడిపోవడానికీ మధ్య ఎన్ని జరగాలి? నాన్నగారికి కోపం రావాలి. ఆ కోపానికి ఆరోగ్యం దెబ్బతినాలి. బాబాయి దానికి మిమ్మల్ని తప్పుపట్టాలి. అదంతా మగపెళ్లివారి చెవిన పడాలి. వాళ్లు వెనక్కి తగ్గాలి. వీటిలో మొదటిది జరగొచ్చు, కాదనను. ఆయన ఓ వారం ముభావంగా ఉండొచ్చు, అన్నం దగ్గర మాట్లాడకపోవచ్చు. ఆ వారాన్ని మీరు తట్టుకోగలరు. అంతకన్నా పెద్దదాన్నే తట్టుకున్నారు. తర్వాతివన్నీ అర్ధరాత్రి మీ మనసు అల్లినవి.

ఒక్క విషయం మాత్రం ఊహకు వదలొద్దు, అది ఆయన గుండె పరిస్థితి. దాని సంగతి తెలిసినవారు ఆయన కార్డియాలజిస్టు. ఈసారి చెకప్‌కు మీరూ వెళ్లి, ఇంట్లో ఒక పెద్ద విషయం మాట్లాడుకోవాలి, పర్వాలేదా అని సూటిగా అడగండి. డాక్టరు జాగ్రత్తలు చెప్తే పాటించండి. పర్వాలేదంటే ఆ మాటను నమ్మండి.

ఇక ఫోన్. సీజన్‌లో యార్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే హడావుడి, కాటాల దగ్గర కేకలు, ఆ ఘాటుకు తుమ్ములు. జేబులో ఫోన్ మోగినా ఎవరికి వినపడుతుంది? ఆయన ఎత్తగానే మీకు ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ ఊరట కాసేపే. మళ్లీ మళ్లీ చేసినకొద్దీ, చేస్తేనే నిమ్మళంగా ఉంటుందని మనసుకు అలవాటవుతుంది. రేపటి నుంచి ఒక్కసారే చేయండి. ఎత్తకపోతే ఒక నోటుబుక్కులో, కొట్టులో జమాఖర్చులు రాసినట్టే, ఎడమవైపు ఏం జరిగి ఉంటుందని భయపడ్డారో రాయండి. ఆయన తిరిగి చేశాక కుడివైపు నిజంగా ఏం జరిగిందో రాయండి. మొదటి రోజుల్లో చేతులు ఆగవు, చాలా కష్టంగా ఉంటుంది. అయినా మానకండి. కొన్ని వారాల తర్వాత ఆ రెండు వైపులూ పక్కపక్కన పెట్టి చదువుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఇంట్లో నవ్వుతూ తిరుగుతానన్న మాట. నాన్న కోసమే దాస్తున్నానని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఆయన అనాల్సిన మాటలు కూడా మీరే అనేసుకుని, ఆయనకు నోరు విప్పే అవకాశమే ఇవ్వడం లేదు. మిమ్మల్ని బీఈడీ చదివించింది ఆయనే కదా! ఆ ఫీజు కట్టిన రోజు ఆయన మనసులో ఏముందో ఎప్పుడైనా అడిగారా?

అంత పెద్ద మాటతో మొదలుపెట్టక్కర్లేదు. ముందు చిన్నవి చెప్పడం అలవాటు చేసుకోండి. బాబాయి ఆదివారం ఎక్కడికో రమ్మంటే, వెళ్లాలని లేకపోతే రాలేనని చెప్పండి. ఒంట్లో బాగాలేనప్పుడు బాగానే ఉన్నాననకండి. సాయంత్రాలు వీధిలో పదో తరగతి పిల్లలు ఇద్దరిని కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పండి. మీకు ఈ పని మీద ఉన్నది నిజంగా ఇష్టమేనా, లేక కొట్టు మీద విసుగా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

అసలు మాటకు సీజన్ మధ్యలో ముహూర్తం పెట్టకండి. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు కదా, అప్పుడు ఆయనా తీరిగ్గా ఉంటారు. అమ్మ చేత చెప్పించొద్దు, అమ్మ పక్కన ఉంటే చాలు. "నాన్నా, నాకు పాఠాలు చెప్పాలని ఉంది. కొట్టు మీ ఒక్కరి మీద వదిలేసి వెళ్లను. ఎలా సర్దుకుందామో మీరే చెప్పండి" అనండి. గుమస్తాను పెడితే నెలకు ఎంతవుతుందో ముందే లెక్క వేసుకుని వెళ్లండి. ఆయన వెంటనే ఒప్పుకోకపోతే వాదించకుండా, ఆలోచించమని చెప్పి లేవండి. మరుసటి డీఎస్సీకి చదవడం మాత్రం ఆపకండి.

గుండె దడ, నిద్ర లేమి థైరాయిడ్ ఎక్కువగా ఉన్నా వస్తాయి, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానేయండి. ఇవన్నీ చేసినా రాత్రిళ్లు అలాగే ఉంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. ఫోన్‌లోనే మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 కూడా ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ మూడు గంటల వేళ టెన్షన్ భరించలేకపోతే ఒంటరిగా కూర్చోకుండా దానికి ఫోన్ చేయండి.

ముందుగా మాత్రం నాన్నగారి చెకప్ ఎప్పుడో ఫైలు తీసి చూడండి. ఆ రోజు కొట్టు పని ఇంకొకరికి అప్పజెప్పి ఆయన వెంట వెళ్లండి.