షెడ్డులో మోటార్ డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) ఎండాకాలం వేడెక్కి ట్రిప్ అవుతోంది. పెల్టియర్ పెట్టాలా, మైక్రోచానెల్ వాటర్ బ్లాక్ పెట్టాలా?

ప్రస్తుతానికి రెండూ వద్దు. పెల్టియర్, అంటే కరెంటు ఇస్తే ఒక పక్క చల్లబడి ఇంకో పక్క వేడెక్కే బిళ్ల, దాని జోలికైతే అసలే పోకండి. వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల షెడ్లలో డ్రైవులు బాగుచేయడమే నా పని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొన్నటి మే నెలలో కరీంనగర్ దిక్కు ఒక గ్రానైట్ పాలిషింగ్ షెడ్డుకు పిలిచారు. 30 హెచ్‌పీ మోటారు డ్రైవ్ మధ్యాహ్నమైతే చాలు ట్రిప్. సేటు మేనల్లుడు ఏదో వీడియో చూసి ఐజీబీటీ మాడ్యూల్‌కూ (డ్రైవులో కరెంటును ఆన్-ఆఫ్ చేస్తూ వేడెక్కే భాగం), ఆ వేడిని గాలికి వదిలే రెక్కల హీట్‌సింక్‌కూ నడుమ నాలుగు 12706 రకం పెల్టియర్ బిళ్లలు దూర్చాడు. ఆపరేటర్ నన్ను చూడగానే మొదలుపెట్టాడు: "అన్నా, ఇంతకుముందు గంటన్నా నడిచేది. గీ బిళ్లలు పెట్టినంక ఆన్ చేసుడే ఆలస్యం, బందైతాంది."

కాదా మరి! 30 హెచ్‌పీ అంటే 22 కిలోవాట్లు. అందులో రెండు మూడు శాతం వేడిగా పోయినా నాలుగు నుంచి ఆరు వందల వాట్లు. ఒక్కో 12706 బిళ్ల, రెండు పక్కలా ఒకే వేడి ఉన్నప్పుడు కూడా, లాగగలిగేది యాభై అరవై వాట్లే. పైగా అది తినే కరెంటు కూడా వేడై అదే హీట్‌సింక్ మీద పడుతుంది. అంటే వేడి బయటికి పోయే దారికి అడ్డంగా గోడ కట్టి, ఆ గోడ అవతల పొయ్యి రాజేసినట్టు.

బిళ్లలు పీకి చూస్తే అసలు సంగతి బయటపడింది. హీట్‌సింక్ రెక్కల సందుల్లో రాతిపొడి తడిసి గట్టిపడింది, ఒక ఫ్యాన్ తిరగడమే లేదు. గీకి కడిగి, ఆరబెట్టి, ఫ్యాన్ మార్చి, మాడ్యూల్ కింద వేడిని దాటించే పేస్టు పలచగా రాసి, ప్యానెల్‌ను పడమటి రేకు గోడ నుంచి జరిపించాను. ఎండాకాలమంతా నడిచింది. ఈ డ్రైవులకు చాలావరకు పూర్తి లోడు 40 డిగ్రీల దాకానే, ఆపైన తగ్గించుకోవాలని మాన్యువల్‌లోనే ఉంటుంది. మన రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం వేడి 40 దగ్గరే ఆగుతుందా? ఈ మాట అమ్మేటప్పుడు చెప్పరు, అదే నా బాధ.

మైక్రోచానెల్, అంటే చాలా సన్నటి కాలువల్లో నీళ్లు పారించి చల్లబరచడం, అది మాత్రం గొప్ప విద్య. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీజ్ సిలికాన్‌లో 50 మైక్రాన్ల వెడల్పు కాలువలు చెక్కి, నీళ్లతో చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు లాగారు. కాలువ ఇరుకైనకొద్దీ నీళ్లు గోడ నుంచి వేడిని తొందరగా లాక్కుంటాయి. కానీ అంత సన్నటి దారిలో నీళ్లు పోవాలంటే పంపుకు ఒత్తిడి కావాలి, నీళ్లు శుభ్రంగా ఉండాలి. మన బోరు నీళ్లకు గీజరు రాడ్లే తెల్లగా పొలుసు కడతాయి, ఆ కాలువలు ఎన్నాళ్లు ఆగుతాయి?

శుభ్రం చేసినా ట్రిప్ ఆగకపోతే అప్పుడు మామూలు వాటర్ ప్లేటు (లోపల వెడల్పు దారుల్లో నీళ్లు పారే లోహపు పలక) పెట్టండి. డిస్టిల్డ్ వాటర్‌తో, కాపర్‌కూ అల్యూమినియంకూ పొత్తు పెట్టకుండా, ఫిల్టరుతో, అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరిగేలా క్లోజ్డ్ లూప్ చేయండి. రేడియేటర్ మాత్రం షెడ్డు బయట, నీడ పట్టున.