ఆపరేషన్ తర్వాత చెకప్ వీడియో కాల్‌లో అయితే సరిపోతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. పిత్తాశయంలో రాళ్లుంటే ఐదు రోజుల కింద హైదరాబాద్‌లో ల్యాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే) ఆపరేషన్‌తో పిత్తాశయం తీసేశారు. పదో రోజు చెకప్‌కు రానక్కర్లేదు, వీడియో కాల్‌లో చూస్తామన్నారు. బస్సు బాధ తప్పిందని అమ్మ సంబరపడుతోంది. నాకే టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో చూస్తే ఏం తెలుస్తుంది?
- ఒక పాఠకుడు

జవాబు: మీ అమ్మగారి సంబరంలో న్యాయం ఉంది. కుట్లు పచ్చిగా ఉండగానే కొండమల్లేపల్లి, మాల్ మీదుగా వంద కిలోమీటర్లకు పైగా బస్సులో కుదుపులు తిని, ఓపీలో గంటలు గంటలు కూర్చుంటే డాక్టరు చూసేది ఐదు నిమిషాలు. చిక్కుల్లేకుండా జరిగిన ఇలాంటి ఆపరేషన్ల తర్వాత ఫోన్ చెకప్ చాలామందికి నచ్చడానికి కారణం ఇదే. పేషంటుకు బాధ తప్పుతుంది, వెంట వచ్చే కొడుక్కి రోజు కూలీ మిగులుతుంది. 2020 మార్చిలో మన దేశంలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్, వీడియో ద్వారా వైద్యం) మార్గదర్శకాలు కూడా దీన్ని ఒప్పుకుంటాయి. నేరుగా చూడాలనిపిస్తే డాక్టరు రమ్మనొచ్చు, మీరూ వస్తామని అడగొచ్చు.

కానీ ఫోన్ పొట్ట నొక్కి చూడలేదు. ఆ లోటు కొంత మీరు పూడ్చాలి. నేనూ ఇలా పేషంట్లను చూస్తుంటాను. ఒక పెద్దమ్మ నవ్వుతూ 'మంచిగనే ఉన్న సారూ' అన్నది. పొట్ట చూపించమంటే కుట్ల మీద మందంగా పసుపు. దాని కింద ఎర్రగా ఉందో లేదో ఏ కెమెరాకు తెలుస్తుంది? కడిగించి చూస్తే బొడ్డు దగ్గరి కుట్టు నుంచి చీము కారుతోంది. మీ ఇంట్లోనూ పసుపు రాసి ఉంటే ఇవాళే ఆపించండి.

కాల్‌కు ముందు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ప్రతి కుట్టునూ దగ్గర నుంచి ఫొటో తీసి పంపండి. చుట్టూ ఎరుపు ఉంటే దాని అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీయండి. మర్నాటికి ఎరుపు గీత దాటితే పదో రోజు దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే భయమూ ఎక్కువే. అందుకే రోజూ షుగర్ చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. కుట్లు కరిగేవో, తీయాల్సినవో ఇప్పుడే అడగండి. తీయాల్సినవైతే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో తీయించవచ్చు.

ఫోన్ చెకప్‌లో చాలామంది మరిచిపోయేది బయాప్సీ రిపోర్టు. తీసేసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపుతారు. రాళ్లున్న చోట అరుదుగా క్యాన్సర్ బయటపడుతుంది. 'రిపోర్టు వచ్చిందా, ఏముంది?' అని అడిగాకే కాల్ కట్ చేయండి. కాపీ వాట్సాప్‌లో పంపించమనండి.

మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి వచ్చి ఉంటే అది ఆపరేషన్‌లో పొట్టలో నింపిన గ్యాస్ వల్ల. దానికి భయం లేదు. 101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, ఒక కాలి పిక్క వాయడం, వీటిలో ఏది కనిపించినా వీడియో కాల్ కోసం చూడొద్దు. డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకుని వెంటనే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికైనా తీసుకెళ్లండి. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా 108కి ఫోన్ చేయండి.