ఫోన్‌లో కార్డులు పక్కకి జారిపోతుంటే

మధురవాడలో చీరల షాపుకి సైట్ చేస్తున్నాను, ఫోన్‌లో కార్డులు (ఒక్కో చీరనీ చూపించే పెట్టెలు) పక్కకి జారిపోతున్నాయి, కొత్త సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే భాష) ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. మీ కోడ్ చూశానండీ. తప్పు మీడియా క్వెరీలది, అంటే తెర వెడల్పుని బట్టి మారే రూల్స్‌ది, కాదు. ప్రతి కార్డుకీ 400 పిక్సెల్స్ వెడల్పు బిగించేశారు. 360 పిక్సెల్స్ తెరలో అదెలా పడుతుంది?

పెట్టెల్ని పక్కపక్కన పేర్చే పాత పద్ధతి, ఆ ఫ్లోట్‌లన్నీ తీసేయండి. కార్డుల్ని చుట్టిన డివ్‌కి (బయటి పెట్టెకి) డిస్‌ప్లే గ్రిడ్ ఇచ్చి, గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్‌లో రిపీట్, దాని లోపల ఆటో-ఫిల్, ఆ పక్కన మిన్‌మ్యాక్స్ రాయండి: కనీసం 240 పిక్సెల్స్, గరిష్ఠం 1 ఎఫ్ఆర్, అంటే ఉన్న జాగాలో ఒక సమాన వాటా. గ్యాప్ 16 పిక్సెల్స్. అంతే, ఫోన్‌లో ఒక నిలువు వరస, 1200 పిక్సెల్స్ వెడల్పులో నాలుగు, వాటంతట అవే సర్దుకుంటాయి. మీడియా క్వెరీ ఒక్కటీ అక్కర్లేదు. గ్రిడ్ 2017 నుంచే పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది, భయం లేదు.

ఇంకోటి, ఇది ఇంగ్లీషు పాఠాల్లో ఎవరూ చెప్పరు. మీ లైన్-హైట్ (అక్షరాల వరస ఎత్తు) 1.2 ఉంది. తెలుగుకి అది చాలదు; ‘ఉప్పాడ’లో పా వత్తు కింది వరసలోని గుడిని తాకుతోంది. 1.7 పెట్టి చూడండి, పేర్లు ఊపిరి పీల్చుకుంటాయి.

ముందు ఫ్లెక్స్‌బాక్స్ (పెట్టెల్ని ఒక దిశలో సర్దేది), గ్రిడ్ (అడ్డం, నిలువు రెండూ సర్దేది) చేతికి అలవాటు చేసుకోండి. అదే కార్డు సైడ్‌బార్‌లో కూడా పెట్టాల్సి వచ్చినప్పుడు కంటైనర్ క్వెరీలు, అంటే తెరని కాక కార్డు ఉన్న పెట్టె వెడల్పుని చూసి మారే రూల్స్, పట్టుకుందురుగాని. అవి 2023లో ఫైర్‌ఫాక్స్‌కీ వచ్చేశాయి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఫోన్‌లో చీరలు చూసేవాళ్లే మీ కస్టమర్లు, కాబట్టి ప్రతి మార్పూ ముందు ఫోన్‌లోనే చూడండి. మళ్లీ జారితే కొత్త కోడ్ ఇక్కడే పెట్టండి, చూస్తాను.