సమాధానం: రాగికి కుప్రోనికెల్ పైపు అతకడం గురించి

అన్నా, కృష్ణపట్నం దగ్గర బోటు కూలర్‌కి 5 మి.మీ. మందం రాగి పైపును 90/10 కుప్రోనికెల్‌కి (90 శాతం రాగి, 10 శాతం నికెల్ కలిసిన లోహం) టిగ్‌తో (ఆర్గాన్ వాయువు రక్షణలో కరెంటు మెరుపుతో చేసే వెల్డింగ్) అతుకుతుంటే రాగి వైపు పట్టడం లేదని, వెల్డు నిండా సన్న బొక్కలని రాశారు. మీ చేతిలో లోపం లేదు. కుప్రోనికెల్ కన్నా రాగి వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆర్క్‌ని (ఆ మెరుపుని) మధ్యలో పెడితే కుప్రోనికెల్ కరుగుతుంది, రాగి అలాగే ఉంటుంది. రాగిని మాత్రమే గ్యాస్ టార్చితో 400–500 డిగ్రీల దాకా వేడి చేసి, ఆర్క్‌ని ఎక్కువసేపు దాని మీదే నిలపండి. కుప్రోనికెల్‌కి ముందు వేడి అక్కర్లేదు.

బొక్కలకైతే, 70/30 కుప్రోనికెల్ ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించి నింపే కడ్డీ) తెచ్చుకోండి. అందులోని టైటానియం వాయువుల్ని పట్టేస్తుంది. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపండి. రాగి ఏ రకమో తప్పకుండా అడగండి, ఇది చాలామంది వదిలేస్తారు. మామూలు కరెంటు పనుల రాగిలో ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని ఎంత బాగా వెల్డ్ చేసినా బొక్కలు పడతాయి. భాస్వరంతో ఆక్సిజన్ తీసేసిన రాగి కావాలి.

గ్రీజు, మార్కర్ గీతలు ముందే పూర్తిగా తుడవండి. వాటిలోని గంధకం, సీసం వల్ల కుప్రోనికెల్ పగులుతుంది.

బ్రేజింగ్‌కి (పైపుల్ని కరిగించకుండా, మధ్యలో వేరే రాడ్ కరిగించి అతకడానికి) వెళ్తే మాత్రం ఏసీ మెకానిక్‌లు వాడే భాస్వరం రాడ్ వద్దు. నికెల్‌తో కలిసి అతుకు పెళుసవుతుంది. భాస్వరం లేని వెండి రాడ్, ఫ్లక్స్ (అతుకు చోట మైల తీసే పదార్థం) వాడండి.